ఇంటూ కట్టెలు

“యేసుదానం కాలేజీ పెడుతుండట.”

టీ గ్లాసుతోపాటు ఈ మాటనూ చేతికందించాడు హోటల్ పోశం. నర్సింగం అప్పుడు వర్క్‌షాపు వెనక గొంతుక్కూర్చుని బొగ్గు టబ్బుకి నంబరు వేస్తున్నాడు. ఏడు అంకెకి తల చుట్టి, కాలు కిందికి దించుతున్నాడు. మాట చెవిలో పడగానే చెయ్యి ఉలిక్కిపడింది. ఏడు కాలు టబ్బు అడుగుదాకా కారింది. ఏడుకి ఏడుపొస్తే అచ్చం అలాగే ఉంటుంది.

“ఎవలు? లాంపు రూము యేసుదానమా?”

“ఆయనే బావా. గిన్నేండ్లు దీపాలిచ్చిండు, ఇగ సదువులిస్తడట. వెల్ఫేర్ సాబు ఫోన్ల చెప్తుంటే టీ ఇయ్యవోయి నా చెవులతోని నేను విన్న. కొత్త క్లబ్బు హాల్లనేనట. మా బిడ్డ మెట్రిక్ పాసై ఇంట్ల కూసున్నది. కరీంనగరం పంపుడు నాతోని కాదు. జర నువ్వొక మాట చెప్పరాదే, ఒక్క సీటు.”

నర్సింగం కిరసనాయిలు గుడ్డతో ఏడు కాలు తుడిచాడు. కాలు చెరిగింది గాని మాట చెరగలేదు.

గోదావరిఖనిలో అక్షరమంటే నర్సింగం. బొగ్గుగనుల కంపెనీ పెయింటరు. టబ్బుల నంబర్లు, ఆఫీసర్ల తలుపుల మీద పేర్లు, “టోపీ పెట్టుకో, తల నిలుపుకో” లాంటి సొంత నినాదాలు, బజారులో కిరాణా కొట్టు నుంచి మంగలి షాపుదాకా బోర్డులు, అన్నీ ఆ చేతిలోంచి వచ్చినవే. బొమ్మలంటే మరీ ఇష్టం. బొమ్మల్లో పులంటే ప్రాణం. ప్రతి పులి కిందా ‘ఆర్టిస్ట్ నర్సింగం’ అని సంతకం చేస్తాడు. సంతకం పులి తోకకన్నా పొడుగు. ఊరికి ఇన్ని అక్షరాలు తాను రాసిపెడితే, చదువు మాత్రం దీపాలు పంచేవాడు పెడతాడా?

రెండో షిఫ్టు వాళ్ళు దిగేసరికి ఊళ్ళో నోళ్ళు ఆ కాలేజీకి హాస్టలు కట్టేశాయి. మూడో షిఫ్టు వాళ్ళు దిగేసరికి ప్రిన్సిపాలు గారు కూడా వచ్చేశారు, ఆయనది బెల్లంపల్లి అని కూడా తేలిపోయింది.

మర్నాడు క్లబ్బు హాల్లో నర్సింగానికి డ్యూటీ. రక్షణ వారోత్సవానికి బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. ఎవరు ఏ బొమ్మ తెచ్చినా అందుకుని తగిలించే పని అతనిది. ఈసారి ప్రదర్శన మామూలుది కాదు. మొదటి బహుమతి వచ్చిన బొమ్మ కొత్త హాలు ఎదురుగోడ మీద శాశ్వతంగా ఉంటుంది. లోపలికొచ్చిన ప్రతివాడూ చెప్పులు విడవకముందే దాన్ని చూస్తాడు. నర్సింగం ఆ గోడని జానలతో ఎప్పుడో కొలుచుకున్నాడు. నెత్తిన టోపీ, టోపీకి దీపం, దీపం వెలుగులో మెరిసే కోరలతో ఒక పులిని తయారు చేసుకున్నాడు. కంపెనీలో ఎందరు ఆఫీసర్లు మారినా ఆ పులీ, పులి కింద ఆ సంతకమూ గోడ మీద ఉండిపోతాయి. మనిషికి ఇంకేం కావాలి?

యేసుదానం సైకిలు వెనక దుప్పటి చుట్టిన పెద్ద చెక్క కట్టుకుని వచ్చాడు. పక్కన భార్య సుసన్నా చెక్క పడిపోకుండా పట్టుకుని నడుస్తోంది. యేసుదానం సన్నటి మనిషి. గనిలోకి దిగేవాళ్ళకి లాంపు రూము కిటికీలోంచి దీపం ఇచ్చేటప్పుడు దీపాన్ని కాక ఎదుటివాడి ముఖాన్ని చూస్తాడు. చార్జింగు ఆసిడ్ పడి వేళ్ళ చివర్లు పసుపుపచ్చగా ఉంటాయి.

“నర్సింగన్నా, జర పైలం. ఇంక తడి ఆరలే.”

దుప్పటి తీశాడు. నర్సింగం ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. తల ఎడమకి వాల్చాడు, కుడికి వాల్చాడు.

“బొమ్మ ఏది?”

“గిదే అన్నా.”

యేసుదానం బసంత్‌నగర్ సిమెంటు సంచి గోనెగుడ్డ విప్పి చెక్కకి బిగించాడు. దాని మీద తుమ్మబంకలో కలిపిన బొగ్గుపొడి పొరలుపొరలుగా పట్టించాడు. అక్కడక్కడా గీకాడు. గీకినచోట అడుగునుంచి జాజు, గోడలకి పూసే ఎర్రమట్టి, తొంగిచూస్తోంది. ఒక మూల సున్నం దట్టంగా పూస్తే ఎండి పగిలింది. పగుళ్ళ మధ్య పాతచీర పీలిక, తెగిన తోలుబెల్టు ముక్క, దీపం వైరుతో వేసిన నాలుగు కుట్లు. కన్ను లేదు, ముక్కు లేదు, చెట్టు లేదు, పిట్ట లేదు.

“గిది వాన్లకు తడిసిన గోడ. బొమ్మ ఏదంటున్న.”

యేసుదానం నవ్వాడు. “గోడనే అన్నా. మేం ఊరు విడిచినప్పుడు నేను మస్తు చిన్నోణ్ణి. ఏ ఊరో మా నాయిన అంద్రెయ చెప్పకుంటనే పాయె. బాప్తిస్మం తీసుకున్నంక పేర్లు మారినయి. ఎవలన్న మీదేవూరు అంటే ఖని అంట. మరి ఖనికి ముంగట? ఒక్క గోడ యాదికున్నది. మా అవ్వ దానికి జాజు పూసేది. చెయ్యి గిట్ల పోయేది.” గాలిలో చెయ్యి అర్ధచంద్రంలా తిప్పాడు. “ఆ గోడ గీద్దామనుకున్న. గీస్తె గోడ వస్తున్నది గని యాది వస్తలేదు. గందుకే అతికిచ్చుకుంట, గీక్కుంట పోయిన.”

“మా ఆయన పిచ్చి అన్నా,” అంది సుసన్నా. “నా పెండ్లినాటి చీర చింపిండు. అడిగితె అది గూడ యాదేనట.”

వెల్ఫేర్ ఆఫీసరు అటుగా వచ్చి ఆగిపోయాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“దీన్ని కొలాజ్ అంటారయ్యా నర్సింగం. హైదరాబాదులో చూశాను. ఇతను చెప్పగా విని, మన దగ్గర కొలాజ్ పెట్టేవాడు ఉన్నాడని బహుమతులు తేల్చే జడ్జీ గారికి నిన్ననే ఫోన్లో చెప్పాను.”

కొలాజ్. నర్సింగం నోట్లో ఆ మాటని ఒకసారి తిప్పాడు. కాలేజీ కాదు. గుండె మీంచి బొగ్గు టబ్బు దిగినట్టయింది. అంతలోనే ఇంకో టబ్బు ఎక్కింది. కాలేజీ అయితే ఊరికి ఒక మూల ఎక్కడో ఉండేది. ఇది నేరుగా గోడకే పోటీకొచ్చింది.

బయట పోశం కనిపించాడు. “ఏమైంది బావా, సీటు సంగతి?”

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. నర్సింగం దాన్ని వెనక్కి మింగి, “నాకెందుకు చెప్తవ్, ఆయన్నే అడుగు. జల్ది అడుగు, సీట్లు ఒడుస్తయ్,” అన్నాడు.

మధ్యాహ్నం అనసూర్య సద్ది తెచ్చింది. ఆమె నర్సింగం భార్య. అతని బొమ్మల గురించి ఇన్నేళ్ళలో ఆమె అన్న మాటలు రెండే. “మల్ల పులేనా?” ఒకటి. “మీసాలు పెద్దగైనయ్,” రెండోది. దేవుడి తెర గీసినా, సినిమా బోర్డు గీసినా అంతే. అతను అడగడు. అడక్కుండా అంటుందేమోనని కాచుకుని ఉంటాడు.

ఆమె డబ్బా పట్టుకుని లోపలికొస్తూ గోడకి ఆనించిన యేసుదానం చెక్క దగ్గర ఆగింది. డబ్బా దించలేదు. కొంగు సర్దుకోలేదు. నర్సింగం చేతులు కడుక్కుని వచ్చి, విస్తరి పరుచుకుని, నీళ్ళు చల్లుకుని కూర్చున్నాడు. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక వేలు ముందుకు చాచి, గీకినచోట జాజుని తాకింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మా అవ్వ గిట్లనే పూసేది,” అంది ఎవరితోనో అన్నట్టు. “చెయ్యి గిట్ల పోయేది.”

ఆమె చెయ్యి గాలిలో అర్ధచంద్రంలా తిరిగింది. యేసుదానం తిప్పినట్టే తిరిగింది.

నర్సింగానికి ఆకలి చచ్చిపోయి కడుపుమంట పుట్టింది. ఆ మంటకి బొగ్గు అక్కర్లేదు. అనసూర్య తెలియని మనిషి కాదు. యేసుదానం చెడ్డవాడూ కాదు. అనుమానించడానికి ఏమీ లేదు. అదే మరీ బాధ. భార్య ఇంకో మగవాణ్ణి అలా చూస్తే తగువు పెట్టుకోవచ్చు. గోనెసంచిని చూస్తే ఏ పంచాయితీకి పోతాడు?

“పప్పు సల్లారుతున్నది,” అన్నాడు.

“ఆఁ,” అందామె. రాలేదు.

వారపు సెలవు నాడు నర్సింగం పెరట్లో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. వాడు చేసింది నేను చెయ్యలేనా? గోనెసంచి ఒకటి, గిన్నెలో తుమ్మబంక, పొయ్యి దగ్గర్నించి బొగ్గుపొడి, అనసూర్య అరుగుకి పూయగా మిగిలిన జాజు. అన్నీ చుట్టూ పేర్చుకున్నాడు. యాది కూడా కావాలి కదా. కళ్ళు మూసుకుని చిన్నతనం తలుచుకున్నాడు. పలక గుర్తొచ్చింది. పలక మీద పంతులు వేసిన పెద్ద ఇంటూ మార్కు గుర్తొచ్చింది. అది వద్దని కళ్ళు తెరిచి, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాడు.

చెయ్యి గుండ్రంగా పోయింది. రెండు చుక్కలు పెట్టింది. చుక్కల కింద మూడు గీతలు ఇటూ మూడు గీతలు అటూ లాగింది. నర్సింగం చూసుకున్నాడు. మీసాలు.

చెరిపేసి, బొగ్గు దట్టంగా రుద్ది, జాజు చిలకరించాడు. చారలొచ్చాయి. చారల చివర తోక కావాలనిపించింది. మూడోసారి సంచిని తలకిందులు చేసి గీశాడు. తలకిందులైన పులి వచ్చింది. కుంచె పట్టిన చేతికి పులి తప్ప ఇంకో యాది లేదు కాబోలు.

అనసూర్య నీళ్ళబిందెతో లోపలికొచ్చి చూసింది.

“మల్ల పులేనా?”

“గోడ,” అన్నాడు నర్సింగం.

“గోడకు మీసాలెందుకు?”

కుంచె పట్టినవాడి మనసు కుంచించుకుపోకూడదంటారు. నర్సింగం మనసు ఆ పూట కుంచె వెంట్రుకంత సన్నమైంది.

ప్రదర్శన తెరిచే రోజు పొద్దున్నే హాలుకి వెళ్ళాడు. ఎవరూ రాలేదు. బొమ్మలన్నీ రెండు వరుసల్లో అమర్చాడు. హాలు చివర, మంచి వెలుతురు పడేచోట తన పులిని నిలబెట్టాడు. దానికి ఇవతల, దారి సన్నబడేచోట ఒక స్టాండు మీద యేసుదానం చెక్క పెట్టాడు. జనం దాన్ని దాటుకుని పులి దగ్గరికి పోవాలి. మురికి చూసిన కంటికి మెరుపు ఇంకా మెరుస్తుంది. లెక్క బాగానే ఉంది.

కాని చెక్క తడికి కొంచెం వంగింది. వంగినదాన్ని సరిచేసే బాధ్యత తగిలించేవాడిదే. మూల ఉన్న రీపరు కట్టెల్లోంచి రెండు పొడుగుపాటివి ఏరాడు. అవి వెనక కొట్టాలి. నర్సింగం చెక్కని వెనక్కి తిప్పాడు కూడా. మళ్ళీ ముందుకు తిప్పాడు. జాజు మీద అనసూర్య వేలిముద్ర ఇంకా అలాగే ఉంది.

ముందువైపే కొట్టాడు. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటి, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటి. మూలకొక మొల. నడుమ రెండు కట్టెలూ కలిసేచోట ఇంకొక మొల, కసిగా. దూరం జరిగి చూసుకున్నాడు. తప్పు లెక్క మీద పంతులు పెట్టిన ఇంటూ మార్కు. యేసుదానం ఊరూ, అవ్వా, గోడా అన్నీ తప్పు. చేతులు దులుపుకున్నాడు. ఆ ఉదయం టీ చాలా రుచిగా ఉంది.

మొదటి షిఫ్టు దిగిన కార్మికులు స్నానాలు చేసి, చొక్కాలు మార్చుకుని గుంపుగా వచ్చారు. నవ్వుకుంటూ వచ్చారు. ఒక దేవుడి బొమ్మకి దండం పెట్టారు, ఒక సినిమా బొమ్మకి కన్ను కొట్టారు. యేసుదానం చెక్క దగ్గరికొచ్చేసరికి ముందున్నవాడు ఆగాడు. అతని వీపుకి గుద్దుకుని వెనకవాడు ఆగాడు. నవ్వులు ఆగాయి. ఒకరిద్దరు తలకి చుట్టుకున్న తువ్వాళ్ళు తీశారు. చెక్కకి బారెడు దూరంలో, గీత గీసినట్టు వరుసగా నిలబడ్డారు. చాలాసేపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

వాళ్ళలో పులి దగ్గరికి ఒక్కడూ పోలేదు.

“ముందటికి పోండ్రి, ముందటికి పోండ్రి,” నర్సింగం చేతులూపాడు. “అవతల పులున్నది.”

“ఉండనీ అన్నా,” అన్నాడొకడు మెల్లగా.

“పోయి చూసిరాకపోతివి?”

“ఏమో అన్నా. కాలు పడ్తలేదు.”

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అరిచేవాళ్ళు ఆ చెక్క ముందు గొంతు తగ్గించారు. తాగి వచ్చిన ఒకడు కాసేపు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తన బొమ్మ ముందు ఏ మనిషైనా ఇలా నిలబడాలని నర్సింగం ఎన్నేళ్ళు కోరుకున్నాడు? పులి కోరల్లో వేలు పెట్టి ‘కరుస్తదా’ అని ఇకిలించేవాళ్ళే గాని, తువ్వాలు తీసినవాడు లేడు. తప్పు మార్కు పెట్టినా వాడిదే ఒప్పయింది. కట్టెలు పీకేద్దామా అనుకున్నాడు. ఎప్పుడు చూసినా ఎదురుగా ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు.

యేసుదానం కూడా ఒకసారి వచ్చాడు. కట్టెల్ని చూశాడు. మొలల్ని చూశాడు. నర్సింగం వైపు చూశాడు. మెడలో వేలాడే సంచిలోంచి ఏదో తియ్యబోయి, వరుసలో నిలబడ్డవాళ్ళని చూసి, తియ్యకుండానే వెళ్ళిపోయాడు. సుసన్నా మాత్రం, “సిలువంటే నిలువుగుండాలె, గిదేంది గిట్ల ఒరిగింది?” అని గొణిగింది.

“ఒకటి చూసినవా?” అంది అనసూర్య ఆ సాయంత్రం హాలు గుమ్మంలో. “ఆడోల్లు పోతుండ్రు. గుమాస్తాలు పోతుండ్రు. పోరగాండ్లు పులి తోక గుంజుతనే ఉన్నరు. గని లోపటికి దిగేటోల్లే ఆడ ఆగుతుండ్రు.”

“మొక్కుతుండ్రు, గందుకే,” అన్నాడు నర్సింగం. పళ్ళ మధ్య ఆ మాట ఇసుకలా కరకరమంది.

బహుమతుల రోజు హాలు నిండింది. వేదిక మీద వెల్ఫేర్ ఆఫీసరు, హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జీ గారు, పాత సర్దారు బుచ్చన్న కూర్చున్నారు. గనిలో ఏ జాగా భద్రమో, ఏది కాదో చూసి చెప్పేవాడు సర్దారు. బుచ్చన్నకి వయసుతోపాటు మర్యాద కూడా వచ్చింది కాబట్టి కుర్చీ వేశారు. ఓ పక్క నర్సింగం కూడా ఉన్నాడు. కుర్చీ లేదు. ముందు ఒక తెల్లటి పేరుపలక, చేతిలో కుంచె. గెలిచినవాడి పేరు అందరి ఎదుటా అప్పటికప్పుడు పలక మీద రాయాలని ఆఫీసరు గారి సరదా. కంపెనీలో రాసేవాడు ఒక్కడే. ఓడితే గెలిచినవాడి పేరు చేత్తో దిద్దాలని ఆయనకి తట్టలేదు. తట్టినా, డ్యూటీ డ్యూటీయే.

“మొదటి బహుమతి, యేసుదానం,” అన్నాడు ఆఫీసరు.

నర్సింగం కుంచె ముంచాడు. ‘యే’ రాశాడు. ఎంత మంట ఉన్నా ఆ చేతికి వంకర అక్షరం రాదు. ‘సు’ రాశాడు.

జడ్జీ గారు మైకు అందుకున్నారు. “బొగ్గు, జాజు, సున్నం బాగున్నాయి. ఇలాంటివి నేను ఇంకా చూశాను. కాని ఈ రెండు కట్టెలు! ఎవరి గతం వాళ్ళ కళ్ళముందే ఉంటుంది, లోపలికి మాత్రం పోలేరు. ఆ మాట ఈయన ఒక్క ముక్క మాట్లాడకుండా చెప్పాడు. మీరంతా ఎక్కడ ఆగిపోయారో నేను చూశాను. గొప్పతనమంతా ఈ కట్టెల్లో ఉంది. రెండు కట్టెలు, నాలుగు మొలలు. అంతే.”

‘దా’ దగ్గర కుంచె ఆగింది.

గోడ పోయింది. పులి పోయింది. అవన్నీ ఎలాగో మింగాడు. కాని ఆ కట్టెలు ఏరింది తను. కొలిచింది తను. కొట్టింది తను. ఆ మెప్పు కూడా వాడికేనా? గొంతులోంచి మాట దానంతటదే బయటికొచ్చింది.

“నాలుగు కాదు సార్. ఐదు. నడుమ ఒకటున్నది.”

“మీకెలా తెలుసు?” అన్నారు జడ్జీ గారు.

“కొట్టింది నేనే.”

ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు.

“చెక్క వంగితే కొట్టిన సార్.”

“వంగితే ఎనుక కొడ్తరు గద నర్సింగం,” అన్నాడు బుచ్చన్న.

అనసూర్య రెండో వరుసలో కూర్చుని ఉంది. నర్సింగం ఆమెని చూశాడు. కుంచె నుంచి నల్లరంగు బొట్టు ఒకటి చొక్కా మీద పడింది.

“అవ్ కాకా. ఎనుకనే కొట్టాలె. ముంగట కొట్టిన. తప్పని కొట్టిన. పలక మీద పంతులు కొడ్తడు సూడు, గట్ల. వాని బొమ్మ తప్పు, కొట్టెయ్యాలె అని. కుళ్ళుతోని కొట్టిన. మీరంత మొక్కుతుంటె ఇంక కుళ్ళిన.”

బుచ్చన్న లేచి కర్ర ఊతంగా స్టాండు దగ్గరికి నడిచాడు. బారెడు దూరంలో అతని కాళ్ళూ ఆగాయి.

“మేం మొక్కలే నర్సింగం. నువ్వు పైన పనిజేసేటోనివి, నీకు తెల్వది. బొగ్గంత తీసినంక లోపల కప్పు కూలగొడ్తం. ఆ జాగ మొకం కాడ రెండు కట్టెలు ఇంటూ కొడ్తం. నా చేతులతోని ఎన్ని కొట్టిననో. ఇగ అది దాటి ఎవలు పోవద్దు. ఇంగ్లీషుల ఇంటూ అంటె లోపటికని చెప్తరట. మా ఇంటూకు లోపటికి రావద్దనే అర్థం.” కొందరు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. “అవతల ఏమున్నదంటే ఏం లేదు. మేం బువ్వ తిన్న జాగ ఉంటది. మాతోని పనిజేసిన సదయ్య తంబాకు నలుపుకుంట పాట వాడిన జాగ ఉంటది. ఎన్నేండ్లు పనిజేసినా మల్ల సూసేది లేదు. ఈడ ఆ కట్టెలు కనవడంగనే కాళ్ళు వాటంతటవే ఆగినయి. ఆగినంక అవతలికి సూసినం. మా అవ్వ జాజు గోడ కనవడ్డది.”

వరుసల్లోంచి “అవ్, అవ్,” అని గొంతులు లేచాయి. గనిలోకి దిగేవాళ్ళ గొంతులే.

యేసుదానం మైకు దగ్గరికి రాలేదు. నర్సింగం దగ్గరికి వచ్చాడు. మెడలో సంచిలోంచి మొలలు పీకే ఇనుపకడ్డీ తీసి పలక పక్కన పెట్టాడు.

“మొదటి రోజే సూసిన అన్నా. నీ మొలలు నాకు ఎరుకలేవా? ఇగో, మల్లొచ్చేటప్పుడు పీకుదామని తెచ్చుకున్న. మస్తు కోపమొచ్చింది. ఆడ సూస్తే మనోల్లు నిలవడ్డరు. పీకబుద్ధి గాలే. ఎంత గీకినా ఆ గోడకాడికి నేను పోలేకపోతున్న అనేది ఎట్ల పెట్టాల్నో నాకు తెల్వలే. నువ్వు కుళ్ళుతోని పెట్టినవ్. పలక మీద నీ పేరు గూడ రాయి.”

“నా పేరెందుకు?”

“కట్టెలు నీయే గద.”

నర్సింగం ‘నం’ రాసి యేసుదానాన్ని ముగించాడు. కుంచె మళ్ళీ ముంచి, కింద తన పేరు రాశాడు. ఆర్టిస్ట్ అని రాయలేదు. అక్షరాలు పై పేరుకన్నా చిన్నవిగా వచ్చాయి. ఇద్దరి పేర్లూ సున్నతోనే ముగిశాయి. పులిని క్యాంటీనులో పెడదామని ఆఫీసరు మైకులోనే ప్రకటించాడు. పులిహోర వడ్డించేచోట బాగుంటుందని ఎవరో అన్నారు. నర్సింగం తలూపాడు.

చప్పట్లు ఆగాక వెనక వరుసలో పోశం లేచాడు. పక్కన కొత్త లంగావోణీలో అతని కూతురు. ఇంకో పదిమంది కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని లేచారు.

“గదంత మంచిగనే ఉన్నది సాబ్. మరి కాలేజీ ఎప్పుడు తెరుస్తరు?”

“ఏ కాలేజీ?” ఆఫీసరు బిత్తరపోయాడు.

“యేసుదానం పెట్టేది. వారం సంది ఆయన చుట్టు తిరుగుతున్న. అడిగితె నవ్వుతడు గని చెప్పడు.”

“నాకేం తెలుసు పోశన్నా,” అన్నాడు యేసుదానం. “దీపాలిచ్చే కిటికీకాడికొచ్చి అందరు సీటు సీటు అంటుంటే, సైకిలు సీటనుకున్న.”

నర్సింగం మైకు లాక్కున్నాడు. ఎలాగూ ఒప్పుకునే రోజే కదా, మిగిలిందెందుకు?

“అందరు వినుండ్రి. కాలేజీ లేదు, హాస్టలు లేదు. బెల్లంపల్లి ప్రిన్సిపాలు గూడ లేడు. సాబు ఫోన్ల అన్నది కొలాజ్. పోశం చెవుల పడ్డది కాలేజీ. నాకు ఆ మర్నాడే తెలుసు. తెలిసి గూడ చెప్పలే. జనం పోయి వాని పానం తియ్యాలని జల్ది పోయి అడుగుమన్న.”

“మరి కొలాజ్ అంటే ఏంది బావా?”

నర్సింగం చెక్క వైపు చూశాడు. “ఒకని గోనెసంచి, ఇంకొకని బెల్టు, ఎవలిదో పెండ్లి చీర, ఇంకెవలిదో కుళ్ళు. అన్ని తెచ్చి ఒక్కకాడ అతికిచ్చుడు.”

పోశం తన కూతురి ముఖంలోకి చూశాడు. కూతురు గోడ వైపు చూసింది. “గింతమంది లేచినం,” అన్నాడు పోశం ఆఫీసరుతో, “ఒకటి నిజంగనే పెట్టరాదుండ్రి సాబ్.” ఆ మాటకి చప్పట్లు బహుమతికన్నా ఎక్కువసేపు మోగాయి.

ఆ సందడిలో అనసూర్య వరుస దాటి స్టాండు దగ్గరికి వెళ్ళింది. ఈసారి జాజుని తాకలేదు. కట్టె వెంట వేలు పోనిచ్చి, రెండూ కలిసేచోట ఆపింది. నడిమి మొల తల మీద వేలు అలాగే ఉంచింది.

“సక్కగ కొట్టినవ్,” అంది.

నర్సింగానికి ఆ మొల మీద కుళ్ళు పుట్టింది. దాన్ని కొట్టింది తానేనని గుర్తు రావడానికి కాసేపు పట్టింది.